అంత స్పీడులో దుమ్ము తగిలితే?

ప్రశ్న: కాంతి వేగంలో ఐదో వంతు స్పీడుతో పక్క నక్షత్రానికి బుల్లి నౌకల్ని పంపే ప్లాన్ ఉందని చదివాను. దారిలో ఏ రాయో అడ్డొస్తే ఏంటి సార్ పరిస్థితి, రాడార్ పెట్టి పక్కకి తప్పించలేరా?
– ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జవాబు: నువ్వు చదివింది 2016లో కోటీశ్వరుడు యూరీ మిల్నర్, భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ప్రకటించిన బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ గురించి అయ్యుంటుంది. గ్రాముల బరువుండే చిప్‌కి పల్చటి తెరచాప కట్టి, భూమ్మీద నుంచి లేజర్లతో నెట్టి, ఓ ఇరవై ఏళ్లలో ఆల్ఫా సెంటారీ చేర్చాలని ఐడియా.

రాళ్ల గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు, నక్షత్రాల మధ్య అవి చాలా చాలా అరుదు, అసలు భయమంతా దుమ్ముతోనే. వానలో బైక్ స్పీడుగా తోలితే చినుకులు మొహానికి సూదుల్లా గుచ్చుకుంటాయి చూడు, ఇక్కడ స్పీడు సెకనుకి 60 వేల కిలోమీటర్లు, ఒక్క మిల్లీగ్రాము నలుసు తగిలినా 400 కిలోల టీఎన్‌టీ పేలినంత. రాడార్‌కి అది కనపడదు, వెయ్యి కిలోమీటర్ల ముందే కనపడిందనుకున్నా సెకనులో అరవయ్యో వంతు టైమే చేతిలో ఉంటుంది, పైగా ఆ చిప్‌కి పక్కకి జరగడానికి ఇంజినే లేదు.

మరి కవచం పెడితే? 1986లో హేలీ తోకచుక్క దగ్గరికెళ్లిన జొట్టో నౌకనే తీసుకో. ముందు ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకు, కాస్త ఖాళీ వదిలి వెనక బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్ పొర. రేకుకి తగిలిన నలుసు ఆవిరైపోతే ఆ ఆవిరిని వెనక పొర ఆపేస్తుంది. ఇంత చేసినా ఓ పెద్ద నలుసు తగిలి నౌక ఊగిపోయింది, సిగ్నల్ కాసేపు తెగింది, కెమెరా పోయింది. అప్పుడు స్పీడు సెకనుకి 68 కిలోమీటర్లే! స్టార్‌షాట్ స్పీడులో అదే నలుసు దెబ్బ దాదాపు 8 లక్షల రెట్లు.

1970ల్లో బ్రిటిష్ వాళ్లు డెడలస్ అనే నక్షత్ర నౌక డిజైన్‌లో 50 టన్నుల బెరీలియం లోహపు కవచం వేసుకున్నారు, గ్రాముల చిప్‌కి అది కుదిరే పని కాదు. అందుకే హార్వర్డ్ ఖగోళ శాస్త్రవేత్త అవీ లోబ్ వాళ్ల టీమ్ లెక్కలేసి, నౌకని సూదిలా సన్నగా చేసి అంచు ముందుకి పెట్టి పంపమంది, తగిలే చోటే తగ్గిపోతుంది కాబట్టి. ఆ అంచుకి గ్రాఫైట్ లాంటి పల్చటి పూత. మామూలు దుమ్ము మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నది, అది కొట్టినా అరుగుదల మిల్లీమీటరు లెక్కలోనే ఉంటుంది. 15 మైక్రాన్ల నలుసైతే నౌక మొత్తం పోతుంది గానీ అలాంటిది ఎదురయ్యే ఛాన్స్ చాలా తక్కువ, ఎటూ వందలు వేలుగా పంపుదామనే ప్లాన్ కదా.

నా బెంగంతా చివర్లో, ఆ నక్షత్రం దగ్గరికి చేరాకే. భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరాన్ని 42 నిమిషాల్లో దాటేసే ఆ కాస్త టైములోనే ఫోటోలు తియ్యాలి, దానికోసం నౌక అడ్డం తిరగాల్సొస్తే దాని వెడల్పంతా దుమ్ముకి ఎదురుపెట్టినట్టే, దీనికి మాత్రం గట్టి జవాబు నాకింకా ఎక్కడా కనపడలేదు.