ఉలవల ప్రొటీన్ సీక్వెన్స్ కావాలి.. శాంపిల్ ఎక్కడికి పంపాలి?

ప్రశ్న: ఎం.ఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. ప్రాజెక్టు కోసం ఉలవల నుంచి ట్రిప్సిన్ ఇన్హిబిటర్‌ను (ప్రొటీన్లను కోసే ట్రిప్సిన్ ఎంజైమ్‌ను ఆపే ప్రొటీన్) ప్యూరిఫై చేశాను. ఎస్‌డీఎస్-పేజ్‌లో (ప్రొటీన్లను బరువును బట్టి జెల్‌పై విడదీసే పరీక్ష) 16 కిలోడాల్టన్ల దగ్గర ఒక్కటే బ్యాండ్ వస్తోంది. దీని సీక్వెన్స్ చేయించమని గైడ్ చెప్పారు. మా డిపార్ట్‌మెంట్‌లో ఆ సదుపాయం లేదు. నెట్‌లో వెతికితే అన్నీ డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ కంపెనీలే వస్తున్నాయి. ప్రొటీన్‌కు ఎక్కడ చేస్తారు? ఎంత శాంపిల్ పంపాలి? ఈ పని నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: ల్యాబ్ వెతకడానికి ముందు మీ గైడ్‌ను ఒక్క విషయం అడగండి. సీక్వెన్స్ అంటే వారికి కావాల్సింది ఏది? ఆ బ్యాండ్ ఫలానా ప్రొటీనే అని తేలితే చాలా? మొదటి పది, పదిహేను అమైనో ఆమ్లాలు కావాలా? లేక మొదటి నుంచి చివరి దాకా మొత్తం కావాలా? ఈ మూడింటికీ పద్ధతులు వేరు, ఖర్చు వేరు, పట్టే కాలం వేరు. 'ప్రొటీన్ సీక్వెన్సింగ్ చేస్తారా' అని రాస్తే ఏ ల్యాబైనా తిరిగి అడిగేది ఇదే. నెట్‌లో వెతికేటప్పుడు కూడా 'ఎన్-టెర్మినల్ సీక్వెన్సింగ్' (మొదటి కొస చదవడం), 'ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ ప్రొటీన్ ఐడెంటిఫికేషన్' (అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ యంత్రంతో గుర్తించడం), 'డీ నోవో పెప్టైడ్ సీక్వెన్సింగ్' (డేటాబేస్ లేకుండానే వరుస చదవడం) అని విడివిడిగా కొట్టండి. డీఎన్‌ఏ కంపెనీల గోల తగ్గుతుంది.

ఇంకో సంగతి ముందే తెలుసుకోండి. ఉలవల ఇన్హిబిటర్ కొత్త ప్రొటీన్ కాదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో దీనిపై ఏళ్ల తరబడి పని జరిగింది. ఇది పప్పుజాతి గింజల్లో కనిపించే బౌమన్-బిర్క్ ఇన్హిబిటర్ల కుటుంబానిది. అందులో ప్రధాన రూపం పొడవు 76 అమైనో ఆమ్లాలు, వాటిలో 14 సిస్టీన్లు, అవన్నీ జతకట్టి 7 డైసల్ఫైడ్ (గంధకం-గంధకం) బంధాలు. అసలు బరువు 8.5 కిలోడాల్టన్ల దగ్గరే ఉన్నా, రెండేసి అణువులు అతుక్కుని జెల్‌పై 16 దగ్గర కనిపిస్తాయని కూడా తేలిపోయింది. మీకు వస్తున్న 16 బహుశా అదే. కాబట్టి ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు మొత్తం సీక్వెన్స్ జోలికి వెళ్లొద్దు. ఇంటాక్ట్ మాస్ (ముక్కలు చేయని మొత్తం ప్రొటీన్ బరువు), ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌తో గుర్తింపు, డబ్బు మిగిలితే ఎన్-టెర్మినల్ పది సైకిళ్లు చేయిస్తే డిసర్టేషన్‌కు అంతకు మించి అక్కర్లేదు.

ఇక పద్ధతుల సంగతి. ఎన్-టెర్మినల్ చదివే ఎడ్‌మన్ డిగ్రడేషన్ 1950 నాటిది. ఫీనైల్ ఐసోథయోసయనేట్‌తో మొదటి అమైనో ఆమ్లాన్ని ఊడదీసి, హెచ్‌పీఎల్‌సీలో (ద్రావణంలోని పదార్థాలను కాలమ్‌పై విడదీసే యంత్రం) అదేదో చూసి, మళ్లీ తర్వాతి దానికి వెళ్తారు. ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో సైకిల్, బిల్లు కూడా చాలాచోట్ల సైకిళ్ల లెక్కనే వేస్తారు. పాతదైనా దీనికి ఇప్పటికీ గిరాకీ ఉంది. లూసిన్, ఐసోలూసిన్ రెండింటి బరువూ అచ్చంగా ఒకటే కాబట్టి మామూలు మాస్ స్పెక్ వాటిని విడదీయలేదు. ఎడ్‌మన్ విడదీస్తుంది. దీని బలహీనత ఎన్-టెర్మినల్ మూసుకుపోవడం. మొదటి అమైనో ఆమ్లానికి అసిటైల్ గుంపు అంటుకున్నా, గ్లుటమిన్ పైరోగ్లుటమేట్‌గా మారినా మొదటి సైకిల్‌లోనే ఏమీ రాదు. డబ్బు మాత్రం కట్టాల్సిందే.

మాస్ స్పెక్ పద్ధతిలో ప్రొటీన్‌ను ట్రిప్సిన్‌తో పెప్టైడ్లనే ముక్కలు చేసి, ఆ ముక్కలను యంత్రంలో మళ్లీ విరగ్గొట్టి, వచ్చిన బరువులను డేటాబేస్‌తో పోలుస్తారు. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్‌ల తర్వాత కోస్తుంది, వాటి పక్కన ప్రోలిన్ ఉంటే సాధారణంగా కోయదు. ఇక్కడే మీకు చిక్కు. మీ దగ్గరున్నది ట్రిప్సిన్‌ను ఆపే ప్రొటీన్! దాన్ని అలాగే ట్రిప్సిన్‌లో వేస్తే ఎంజైమే ఆగిపోతుంది, రిపోర్టులో మీ ప్రొటీన్ ముక్కలు సరిగా రావు. ముందుగా 10 మిల్లీమోలార్ డీటీటీతో 56 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచి డైసల్ఫైడ్ బంధాలు విప్పాలి. తర్వాత 55 మిల్లీమోలార్ అయడోఅసెటమైడ్‌తో చీకట్లో అరగంట ఉంచి సిస్టీన్లకు మూత వేయాలి. ఆకారం పోయాక అది ఇన్హిబిటర్‌గా పనిచేయదు. అప్పుడు 50 మిల్లీమోలార్ అమ్మోనియం బైకార్బొనేట్‌లో, ప్రొటీన్‌లో ఇరవయ్యో వంతు నుంచి యాభయ్యో వంతు బరువున్న ట్రిప్సిన్ వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదలాలి. సర్వీస్ ల్యాబ్‌లు ఇదంతా మామూలుగానే చేస్తాయి. అయినా శాంపిల్ ఫారంలో 'ఇది ట్రిప్సిన్ ఇన్హిబిటర్, సిస్టీన్లు ఎక్కువ' అని పెద్ద అక్షరాలతో రాయండి. అవసరమైతే వాళ్లు కైమోట్రిప్సిన్ లాంటి రెండో ఎంజైమ్ కూడా వాడతారు. బౌమన్-బిర్క్ ఇన్హిబిటర్లలో చాలావరకు కైమోట్రిప్సిన్‌నూ ఆపేస్తాయి కాబట్టి, అప్పుడూ బంధాలు విప్పడం తప్పదు.

అయడోఅసెటమైడ్‌తో మీకో చవకైన ప్రయోగం కూడా దొరుకుతుంది. ప్రొటీన్ ఇంటాక్ట్ మాస్‌ను మాల్డీ-టాఫ్ అనే మాస్ స్పెక్‌లో ఒకసారి అలాగే, మరోసారి బంధాలు విప్పి మూతలు వేశాక చూడండి. బంధంలో ఉన్న ఒక్కో సిస్టీన్‌కూ 58 డాల్టన్లు పెరుగుతాయి. 14 సిస్టీన్లు ఉంటే తేడా 812 రావాలి. సీక్వెన్స్ లేకుండానే అన్ని సిస్టీన్లూ బంధాల్లో ఉన్నాయని చూపించినట్టే. వైవాలో బాగా నిలిచే ఫలితం ఇది.

ఎడ్‌మన్‌కు వెళ్తే సిస్టీన్ల వల్ల మరో ఇబ్బంది. మూత వేయని సిస్టీన్ ఆ సైకిల్‌లో ఖాళీగా కనిపిస్తుంది. ప్రతి ఐదారు అమైనో ఆమ్లాలకు ఒక సిస్టీన్ ఉన్న ప్రొటీన్‌లో ఈ ఖాళీలు తలనొప్పి. 4-వినైల్ పిరిడిన్‌తో ముందే మార్చి పంపితే సిస్టీన్ కూడా పీక్‌గా కనిపిస్తుంది.

శాంపిల్ ఎంత అన్నారు. ఎడ్‌మన్‌కు 50 నుంచి 100 పికోమోల్ ఉంటే పని సాఫీగా జరుగుతుంది. 8.5 కిలోడాల్టన్ల ప్రొటీన్ 100 పికోమోల్ అంటే 0.85 మైక్రోగ్రాములు. అంతే. అయితే బ్లాటింగ్‌లో (జెల్ నుంచి మెంబ్రేన్‌పైకి ఎక్కించడంలో) కొంత పోతుంది కాబట్టి అయిదారు రెట్లు ఎక్కించండి. ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్‌కు కూమాసీ రంగులో స్పష్టంగా కనిపించే ఒక్క బ్యాండ్ సరిపోతుంది. పరిమాణాన్ని 280 నానోమీటర్ల ఓడీతో (కాంతి శోషణ రీడింగ్) లెక్కకట్టకండి. ఈ కుటుంబంలో ట్రిప్టోఫాన్ సాధారణంగా ఉండదు, అక్కడ రీడింగ్ తక్కువ వస్తుంది. 215 దగ్గర చూడండి.

ఒక్క బ్యాండ్ ఉందంటే ఒక్క ప్రొటీన్ అని కాదు. ఉలవల్లో ఈ ఇన్హిబిటర్‌కు ఒకటికి మించి రూపాలున్నాయి, వాటి బరువుల్లో తేడా స్వల్పం. జెల్‌పై కలిసిపోతాయి, ఎడ్‌మన్‌లో మాత్రం సైకిల్‌కు రెండు మూడు అమైనో ఆమ్లాలు వచ్చి రిపోర్టు గందరగోళమవుతుంది. అందుకే పంపే ముందు ఒకసారి సీ18 కాలమ్‌పై 0.1 శాతం టీఎఫ్‌ఏ, అసిటోనైట్రైల్ గ్రేడియెంట్‌లో హెచ్‌పీఎల్‌సీ చేయించండి. పదునైన ఒక పీక్‌ను విడిగా పట్టి, లయోఫిలైజ్ చేసి (గడ్డకట్టించి ఎండబెట్టి) పంపితే ఉప్పు, డిటర్జెంట్ సమస్యలు కూడా అక్కడికక్కడే తీరిపోతాయి. ఆ క్రోమాటోగ్రామ్ ప్రింటును శాంపిల్‌తో జత చేయండి.

బ్లాట్ చేయక తప్పకపోతే నైట్రోసెల్యులోజ్ వాడకండి, ఎడ్‌మన్ యంత్రంలోని రసాయనాలకు అది కరిగిపోతుంది. పీవీడీఎఫ్ మెంబ్రేన్ వాడండి. చిన్న ప్రొటీన్ కాబట్టి 0.45 కాకుండా 0.2 మైక్రాన్లది తీసుకోండి, లేకపోతే ప్రొటీన్ దాటుకుని అటు వెళ్లిపోతుంది. ట్రాన్స్‌ఫర్ బఫర్‌లో మామూలు ట్రిస్-గ్లైసిన్ వద్దు. గ్లైసిన్ కూడా అమైనో ఆమ్లమే కదా, మొదటి సైకిళ్లలో దాని పీకే కనిపిస్తుంది. 10 మిల్లీమోలార్ క్యాప్స్ బఫర్, పీహెచ్ 11, 10 శాతం మెథనాల్ వాడండి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక మెంబ్రేన్‌ను నీళ్లలో బాగా కడగండి.

జెల్ బ్యాండ్ పంపేవారు ఎక్కువగా దెబ్బతినేది కెరటిన్ దగ్గర. మన చర్మం, వెంట్రుకలు, ఉన్ని స్వెట్టర్ల నుంచి రాలే ప్రొటీన్ అది. గ్లవ్స్ లేకుండా జెల్ ముట్టుకున్నా, ట్రే కడగకుండా వాడినా మీ ప్రొటీన్ కంటే కెరటిన్ ముక్కలే ఎక్కువ వస్తాయి. గ్లవ్స్ వేసుకోండి, కొత్త బ్లేడుతో బ్యాండ్‌ను మాత్రమే, చుట్టూ ఖాళీ జెల్ లేకుండా కోయండి. పక్కనే ఖాళీ లేన్ నుంచి ఒక ముక్క బ్లాంక్‌గా పంపండి. దాని ఛార్జీ అదనమే, అయినా దండగ కాదు. సిల్వర్ స్టెయిన్ వేయాల్సి వస్తే గ్లుటరాల్డిహైడ్ లేని కిట్ తీసుకోండి. గ్లుటరాల్డిహైడ్ ప్రొటీన్‌ను జెల్‌కు అతికించేస్తుంది. ట్రైటాన్, ట్వీన్ లాంటి డిటర్జెంట్లు ప్యూరిఫికేషన్‌లో ఎక్కడ వాడినా ఫారంలో రాయండి.

ఇప్పుడు చిరునామాల సంగతి. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీలో ప్రొటియోమిక్స్ (ప్రొటీన్లను పెద్ద ఎత్తున పరిశీలించే) విభాగం ఉంది. బెంగళూరులో సీ-క్యాంప్ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ ప్లాట్‌ఫామ్స్), ముంబైలో ఐఐటీ బాంబే, ఫరీదాబాద్‌లో ఆర్‌సీబీ (రీజినల్ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీ), తిరువనంతపురంలో ఆర్‌జీసీబీ (రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీ) ఈ రంగంలో పేరున్నవి. బయటి శాంపిళ్లను ఏ షరతులపై, ఎంత ఛార్జీకి తీసుకుంటారో వాటి వెబ్‌సైట్లలో చూసి, మెయిల్ పెట్టాకే శాంపిల్ సిద్ధం చేయండి. కేంద్ర ప్రభుత్వ ఐ-స్టెమ్ పోర్టల్‌లో పరికరం పేరుతో వెతికితే దేశంలో ఎక్కడెక్కడ ఉందో వస్తుంది, స్లాట్ కూడా అక్కడే అడగవచ్చు. మీ గైడ్ పేరుతో, యూనివర్సిటీ మెయిల్‌తో రిజిస్టర్ అవ్వడం నయం. విద్యాసంస్థల రేటుకు, కంపెనీల రేటుకు తేడా బాగా ఉంటుంది. ఎడ్‌మన్ యంత్రాలు దేశంలో తక్కువ. జాబితాలో పేరున్నా యంత్రం ఇప్పుడు నడుస్తోందో లేదో ఫోన్‌లో నిర్ధారించుకోండి. గైడ్ సంతకంతో ఉత్తరం, శాంపిల్ ఫారం, జీఎస్టీతో కలిపి కొటేషన్.. ఈ కాగితాలకే రెండు మూడు వారాలు పోవచ్చు. ప్రాజెక్టు సమర్పించే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని మొదలుపెట్టండి.

డబ్బు కట్టే ముందు ల్యాబ్‌ను అడగాల్సినవి: మాస్ స్పెక్ ఏ రకం, ఏ డేటాబేస్‌తో పోలుస్తారు, రా ఫైల్ (యంత్రం నుంచి నేరుగా వచ్చిన డేటా) ఇస్తారా, డేటాబేస్‌లో దొరక్కపోతే డీ నోవో చేస్తారా, దానికి ఛార్జీ వేరా. రా ఫైల్ ఇవ్వని చోటికి పంపకండి. అది లేకపోతే రేపు ఎవరైనా ప్రశ్నిస్తే మీ దగ్గర పీడీఎఫ్ తప్ప ఏమీ ఉండదు. పోలిక మొత్తం పప్పుజాతి మొక్కల డేటాబేస్‌తో చేయమని చెప్పండి. ఉలవల ఎంట్రీలు మాత్రమే పెడితే దగ్గరి చుట్టాలైన ప్రొటీన్లు తప్పిపోతాయి. వేసవిలో ద్రావణంగా కొరియర్ చేయకండి, పొడిగా పంపండి. డ్రై ఐస్ పార్శిల్‌ను అన్ని కొరియర్లూ తీసుకోవు.

రిపోర్టు వచ్చాక స్కోరు ఒక్కటే చూసి సంబరపడొద్దు. ఒక ప్రొటీన్‌ను నమ్మాలంటే దానికే ప్రత్యేకమైన పెప్టైడ్లు కనీసం రెండు ఉండాలి. మీ ప్రొటీన్ చిన్నది, పెప్టైడ్లు వచ్చేవే కొన్ని, కాబట్టి ఒక్కటే వస్తే ఆ స్పెక్ట్రమ్ తెరిచి బీ, వై అయాన్లు (పెప్టైడ్ విరిగినప్పుడు దాని రెండు కొసల వైపు నుంచి వచ్చే ముక్కలు) వరుసగా ఉన్నాయో లేదో కళ్లతో చూడండి. మాల్డీ రిపోర్టులో 842.5, 2211.1 దగ్గర పీకులుంటే అవి ల్యాబ్‌లో వాడిన పోర్సైన్ (పంది) ట్రిప్సిన్‌వే, మీవి కావు.

ఉద్యోగం గురించి అడిగారు. బయోసిమిలర్ (ఇప్పటికే ఉన్న ప్రొటీన్ మందులకు సరిపోలే మందులు) కంపెనీలకు ఈ పని రోజువారీ అవసరం. ప్రొటీన్ మందు మార్కెట్‌కు రావాలంటే దాని నిర్మాణం, ఎన్-టెర్మినల్, సీ-టెర్మినల్ వరుసలు, పెప్టైడ్ మ్యాప్ చూపించాలని మందుల ప్రమాణాల అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ వారి క్యూ6బీ మార్గదర్శకం చెబుతోంది. హైదరాబాద్ బాచుపల్లి నుంచి జినోమ్ వ్యాలీ దాకా ప్రొటీన్ మందులు, వ్యాక్సిన్లు తయారుచేసే కంపెనీల్లో అనలిటికల్ డెవలప్‌మెంట్, క్యూసీ (నాణ్యత పరీక్ష) విభాగాలకు ఇలాంటి వాళ్లు కావాలి. 'ఇన్హిబిటర్ ప్యూరిఫై చేశాను' అనే వాక్యం వాళ్లను ఆకర్షించదు. డీఅమిడేషన్ జరిగితే బరువు 0.98, ఆక్సిడేషన్ జరిగితే 15.99 పెరుగుతుందని తెలిసి, క్రోమాటోగ్రామ్‌లో దాన్ని చూపించగలిగినవారికే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న వస్తుంది.

యంత్రం మీ దగ్గర లేకపోయినా డేటా పని నేర్చుకోవచ్చు. యూరోపియన్ బయోఇన్ఫర్మేటిక్స్ ఇన్‌స్టిట్యూట్ నడిపే ప్రైడ్ రిపాజిటరీలో రా ఫైళ్లు ఉచితం. మాక్స్‌క్వాంట్, స్కైలైన్ సాఫ్ట్‌వేర్లు కూడా ఉచితమే. ఏదో ఒక చిన్న డేటాసెట్ దింపుకుని నడిపి చూడండి. రీసెర్చ్ వైపు వెళ్లాలనుకుంటే సీఎస్‌ఐఆర్-నెట్ లైఫ్ సైన్సెస్ రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకోండి. 2023 నుంచి అది నెలకు 37,000 రూపాయలు. ఈలోగా ప్రొటియోమిక్స్ ల్యాబ్‌లలో ప్రాజెక్ట్ అసోసియేట్ నోటిఫికేషన్లు వస్తే అప్లై చేయండి. రెజ్యూమేలో మీ ఇన్హిబిటర్ పని రాసేటప్పుడు దిగుబడి మిల్లీగ్రాముల్లో, స్పెసిఫిక్ యాక్టివిటీ ఎన్ని రెట్లు పెరిగిందో, ఇంటాక్ట్ మాస్ ఎంత వచ్చిందో అంకెలతో రాయండి.