పసిఫిక్ దీవుల మధ్య తెరచాప పడవలో వెళ్తే అన్నిటికంటే కష్టం ఏది? తుఫానా, ఒంటరితనమా?

వంట. నవ్వకండి, చెప్తాను.

నేను ఉండేది ఆక్లాండ్‌లో. పడవల పిచ్చి ఇక్కడికి వచ్చాకే పట్టుకుంది. ఒక జూలైలో టోంగాలోని వవావు నుంచి ఫిజీలోని సవుసవుకి ఒకాయన సొంత పడవలో సిబ్బందిగా వెళ్లాను. ఓనరు, ఆయన భార్య, ఒక జర్మన్ కుర్రాడు, నేను. సిబ్బంది అంటే జీతం ఇస్తారనుకునేరు! మన తిండి ఖర్చు మనమే పెట్టుకుని ఎదురు చాకిరీ చెయ్యాలి. దానికీ జనం క్యూ కడతారు, అదో విడ్డూరం.

దూరం దాదాపు 400 నాటికల్ మైళ్లు. గంటకి ఐదారు మైళ్లు నడిస్తే గొప్ప, అందుకని రాత్రీ పగలూ పోతూనే ఉండాలి. ఆ నెలల్లో ఆగ్నేయం గాలి విడవకుండా వీస్తుంది, పడమటికి పోయేవాళ్లని వెనక నుంచి తోస్తుంది. వినడానికి హాయిగానే ఉంటుంది. తీరా ఎక్కాక తెలుస్తుంది, వెనక గాలికి పడవ ఎడమకీ కుడికీ పొర్లుతూనే ఉంటుందని. యూట్యూబు వీడియోల్లో సూర్యాస్తమయాలు చూపిస్తారు, వాంతుల బకెట్ ఎవడూ చూపించడు. పైగా నన్ను అడిగేవాళ్లంతా షార్కుల గురించే అడుగుతారు. ఒక్కటీ కనపళ్లేదండీ బాబూ.

రెండో రాత్రికి అందరం బిస్కెట్లూ నూడుల్సూ తిని విసిగిపోయి ఉన్నాం. ఆవిడకి కడుపులో తిప్పుడు. ఓనరు ఎవరితోనూ మాట్లాడట్లేదు. తన వాచ్‌కి, అంటే రాత్రి కాపలా వంతుకి, పావుగంట ఆలస్యంగా లేచాడని కుర్రాడి మీద నాకు మంట. వాడు పైకి వెళ్లాక నేను పడుకోకుండా కుక్కర్ తీశాను.

పడవలో స్టవ్ ఉయ్యాల లాగా వేలాడుతుంది, పడవ ఎటు ఒరిగినా అది మట్టంగా ఉండాలని. గిన్నె కదలకుండా రెండు పక్కలా కమ్మీలు బిగించాలి. మనం పొయ్యి మీద పడకుండా నడుముకో బెల్టు. చెంచా కింద పెడితే మళ్లీ దొరకదు, అందుకని నోట్లో కరుచుకుని ఉల్లిపాయ తరిగాను. కుక్కర్‌కి మూత బిగుసుకుని ఉంటుంది కాబట్టి కింద పడ్డా పప్పు ఒలకదు. ఈ కిటుకు తెల్లవాళ్లకీ తెలుసు, పడవల్లో చాలామంది కుక్కరే వాడతారు. కాకపోతే వాళ్లవి మనవాటిలా కూత పెట్టవు.

మొదటి విజిల్‌కే ఓనరు గ్యాస్ అలారం మోగిందనుకుని నిక్కరు మీద బయటికి ఉరికాడు. రెండోదానికి ఆవిడ లేచింది. నేను పోపు పెట్టేసరికి పైనున్న కుర్రాడు మెట్ల మీంచి తల లోపలికి పెట్టి చూస్తున్నాడు. కంచాలు పనికిరావు కాబట్టి టీ కప్పుల్లో పప్పూ అన్నం కలిపి చెంచాలిచ్చాను. రెండు రోజులుగా నీళ్లు కూడా ఇమడని ఆవిడ కప్పు ఖాళీ చేసింది. ఓనరు మారు అడిగి, బయల్దేరాక మొదటిసారి నోరు విప్పి మాట్లాడాడు.

ఇదే టోంగా నీళ్లలో 1789 ఏప్రిల్ 28న బౌంటీ అనే బ్రిటిష్ నౌకాదళ ఓడలో కెప్టెన్ బ్లై మీద తిరుగుబాటు జరిగింది. అంతకుముందు ఓడ ఆగిన తహితి దీవి అందగత్తెల వల్ల అంటారు, కెప్టెన్ నోటి దురుసు వల్ల అంటారు. ముందు రోజు గొడవ దేనికో తెలుసా? కొబ్బరికాయలకి! తన కాయలు కొట్టేశారని బ్లై ఆఫీసర్లందరినీ నిలదీశాడు, తిరుగుబాటుకి నాయకుడైన ఫ్లెచర్ క్రిస్టియన్‌ని కూడా. మర్నాడు పొద్దు పొడవకముందే ఓడ చెయ్యి జారింది. నన్నడిగితే చరిత్రకారులు ఇంకో కారణం వెతకనక్కర్లేదు. అదే బ్లైని 18 మందితో 23 అడుగుల పడవలోకి దింపేస్తే ఏం చేశాడు? కొబ్బరి చిప్పలతో తక్కెడ కట్టి, తుపాకీ గుండుని తూకపురాయిగా పెట్టి, రొట్టెని అందరికీ సమానంగా పంచాడు. తోఫువా దీవిలో దాడికి ఒకడు పోయాడు గానీ, మిగతా అందరినీ ఫిజీ దీవుల మధ్య నుంచి తిమోర్ దీవి దాకా ప్రాణాలతో చేర్చాడు. ఆ బుద్ధి ఓడలో ఉండగానే ఉంటే ఎంత బాగుండేది!

ఫిజీలో ఇంకో చిరాకు. దారిలో ఫిజీవే లౌ దీవులు ఊరిస్తూ ఉంటాయి, కానీ ఆగకూడదు. ముందు సవుసవు, సువా లాంటి రేవుకి పోయి, ఇంకా తనిఖీ కాలేదని చెప్పే పసుపు జెండా కట్టుకుని, అధికారులు వచ్చేదాకా పడవ దిగకుండా కూర్చోవాలి. వాళ్లొచ్చి నా పచ్చిమిర్చీ అల్లం సంచిలో వేసుకుపోయారు. తెగుళ్లు రాకుండా జాగ్రత్త, సబబే. కానీ అల్లం ఎగుమతి చేసే దేశం నా బొటనవేలంత ముక్కకి అంత భయపడాలా? 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటలకి కూలీలుగా వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఉన్న దేశం కాబట్టి అక్కడ మన సరుకులకి కొదవలేదు. సాయంత్రం ఓనరు నన్ను వెంటబెట్టుకుని బజారుకెళ్లి మరీ పప్పు కొన్నాడు, మూట కూడా తనే మోశాడు. ఖర్చు మాత్రం నాలుగు వాటాలు వేశాడు.