పాత బార్న్‌లోకి వెళ్తే ముందు ఏం చూడాలి

చిరంజీవి సుధకి,
పెదనాన్న ఆశీస్సులు.

ఇంగ్లండ్ పల్లెల్లో పంట దాచి నూర్చే పెద్ద కొట్టాలు, ఆ పాత బార్న్‌లు కొలిచి గీయాలని రాశావు. చాలా సంతోషం. లోపలికి వెళ్లగానే టేపు తీయకు, పైకప్పు చూస్తూ నిలబడిపోకు. గింజ ఏ దారిన వెళ్లిందో ముందు ఆ దారిన నడువు.

ఎదురెదురుగా రెండు పెద్ద తలుపులుంటాయి. పంట బండి ఒకవైపు వచ్చి, పనలు దింపి, రెండోవైపు వెళ్లిపోయేది. ఆ తలుపుల నడుమ ఉన్నదే కళ్ళం. మనకు కళ్ళం ఆరుబయట; అక్కడ వానను నమ్మలేరు, అందుకే కప్పు కింద పెట్టుకున్నారు. చలికాలమంతా కర్రలతో కొట్టి గింజ రాల్చేవారు. తూర్పారబట్టే వేళ రెండు తలుపులూ తీస్తే గాలే పొట్టును ఎగరగొట్టేది. తలుపు ఎత్తు బండిని బట్టి, ఎదురు తలుపు గాలిని బట్టి. గోడల్లోని సన్నని నిలువు చీలికలు పనలకు గాలాడటానికి. గోడ పైన చిన్న కంత కనిపిస్తే అది గుడ్లగూబకు. ఎలుకల కోసం రైతే దాన్ని రానిచ్చేవాడు.

మొదట ఎసెక్స్‌లోని క్రెసింగ్ టెంపుల్‌కి వెళ్లు. నైట్స్ టెంప్లర్లు అనే క్రైస్తవ యోధ సన్యాసులు 13వ శతాబ్దంలో కట్టించిన రెండు ఓక్ బార్న్‌లు, బార్లీకొకటి, గోధుమకొకటి, దగ్గరదగ్గరే ఉన్నాయి. రెండింటి మధ్య కొన్ని దశాబ్దాల తేడా. అతుకులు పోల్చి చూడు, వడ్రంగం ఎలా మారిందో తెలుస్తుంది. తర్వాత లండన్ హీత్రో విమానాశ్రయం పక్కనున్న హార్మండ్స్‌వర్త్: 1426-27లో వించెస్టర్ కాలేజీ కట్టించింది, 192 అడుగుల పొడవు, చాలామటుకు నాటి కలపే. ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కో.

టార్చి తప్పకుండా పట్టుకెళ్లు. దుంగ మీద వెలుగు ఏటవాలుగా పడితే వడ్రంగులు ఉలితో గీసిన గుర్తులు తేలతాయి. చట్రాన్ని నేల మీద బిగించి చూసుకుని, విప్పి, మళ్లీ నిలబెట్టేవారు. ఏ ముక్క ఎక్కడిదో ఆ గుర్తులే చెప్పేవి. ఖాళీ బెజ్జం కనిపిస్తే తొందరపడి తేల్చేయకు. ఆ దుంగ వేరే కట్టడం నుంచి వచ్చి ఉండొచ్చు, లేదా అక్కడి ఊతకర్రను ఎవరో తీసేసి ఉండొచ్చు. కలప వంగిందని లోపంగా రాయకు, పచ్చి ఓక్ ఆరుతూ వంగుతుంది.

చిన్నవాటినీ వదలకు. ఎలుకలు ఎక్కకుండా పుట్టగొడుగు ఆకారపు రాళ్ల మీద నిలిపిన ధాన్యపు కొట్లు, యార్క్‌షైర్ స్వేల్‌డేల్‌లో కింద పశువులు, పైన ఎండుగడ్డి ఉండే పొలం కొట్టాలు. నాకైతే ఇవే ఎక్కువ ఇష్టం. ఇళ్లుగా మార్చిన బార్న్‌లు కూడా చూడు కానీ, మధ్యలో అంతస్తు వేశాక ఆ లోపలి విశాలత పోతుంది. నాకది బాధగానే ఉంటుంది.

రైతును అడగనిదే లోపలికి వెళ్లకు. బార్న్ ఔల్, అంటే ఆ గుడ్లగూబ, గూడు కట్టుకుని ఉంటే పని ఆపేసి బయటికి రా. దాన్ని కదిలించడం 1981 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

గీసిన సెక్షన్లు (కట్టడాన్ని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలు) పంపు, ముందుగా కళ్ళం మీదుగా తీసినది.

పెదనాన్న