క్వారీ గుంటలో స్కూబా డైవింగ్: వంద రూపాయల కాగితం కాపాడుతుందా?

ప్రశ్న: మాది తణుకు. మా తమ్ముడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండేళ్ల క్రితం అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకుని 'ఓపెన్ వాటర్' సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. త్వరలో ఉద్యోగం మీద జర్మనీ వెళ్తున్నాడు. అక్కడ నీళ్లు నిండిన పాత క్వారీల్లో గడ్డకట్టే చలిలో కూడా డైవింగ్ చేస్తారట. దానికి ప్రాక్టీసంటూ ఈ సంక్రాంతికి దేవరపల్లి వైపు ఒక పాత క్వారీ గుంటలో దిగుతానంటున్నాడు. ఆరుగురు స్నేహితులు వస్తున్నారు. తలా 6 వేలు ఫోన్‌పేలో వేయించుకున్నాడు. వాళ్లలో ఇద్దరు ఇంతవరకు డైవింగే చేయలేదు, వీడే నేర్పుతాడట. క్వారీ లీజుదారు 20 వేలు అద్దె అడిగి, 'ఏం జరిగినా ఎవరికీ బాధ్యత లేదు' అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద అందరినీ సంతకాలు పెట్టమన్నాడు. కనుమ రోజు పొద్దున్న డైవింగ్, ఆ సాయంత్రమే మధురపూడి నుంచి ఫ్లైట్. అమ్మకి ఒకటే టెన్షన్. ఆ కాగితం చెల్లుతుందా? ఏదైనా అయితే కేసు ఎవరి మీద పడుతుంది? ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు: అమ్మా, మూడు సింహాల బొమ్మ ఉన్న కాగితం మీద ఏం రాసుకున్నా చట్టమైపోతుందని మన వైపు గట్టి నమ్మకం. నోటరీ సీలు కూడా పడితే ఇక తిరుగులేదనుకుంటారు. నోటరీ చెప్పేది ఈ సంతకం ఫలానా మనిషి పెట్టాడని మాత్రమే. రాసిన మాట చెల్లుతుందో లేదో నోటరీకి సంబంధం లేదు.

మీరు చెప్పిన కాగితం కేసును ఆపలేదు. కోర్టుకు వెళ్లే హక్కును పూర్తిగా వదులుకుంటున్నానని రాసిచ్చినా ఆ షరతు కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 28వ సెక్షన్ ప్రకారం చెల్లదు. క్రిమినల్ కేసుకైతే ఆ కాగితంతో పనే లేదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద అయిదేళ్ల దాకా జైలు, జరిమానా. పాత ఐపీసీ 304-ఎలో ఇది రెండేళ్లే ఉండేది, 2024 జులై 1 నుంచి పెరిగింది. అది రాజీకి వీలున్న నేరాల జాబితాలో లేదు. పైగా కేసు నడిపేది ప్రభుత్వం. చనిపోయినవాడు ముందే సంతకం పెట్టాడు కదా అంటే ఎస్సైగారు ఫైలు మూసెయ్యరు. ప్రాణం పోకుండా తీవ్ర గాయమైతే 125వ సెక్షన్ ఉంది, అందులో మూడేళ్ల దాకా పడుతుంది.

అలాగని అది చెత్తకాగితమూ కాదు. ప్రమాదం తెలిసే దిగాడని చూపించడానికి రేపు సివిల్ కోర్టులో పనికొస్తుంది. పరిహారం తగ్గించమని అడగడానికి లీజుదారు వకీలు మొదట తీసేది దాన్నే. కానీ చెప్పిన ప్రమాదానికి ఒప్పుకోవడం వేరు, చెప్పకుండా దాచిన ప్రమాదం వేరు. అడుగున వదిలేసిన ఇనప రోప్ ఉందని, ఒక పక్క రాయి వదులుగా ఉందని తెలిసీ చెప్పకపోతే ఆ సంతకం అతన్ని కాయదు.

అసలు మీరు అడగని ప్రశ్న ఒకటుంది. ఆ గుంట ఎవరిది? డెల్టాలో మనకి ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. ఇంటి పునాదిలో పడే నల్లరాయి అంతా మెట్ట నుంచి టిప్పర్లలో దిగాల్సిందే. అక్కడ క్వారీ నడిచినన్నాళ్లు మోటార్లు పెట్టి ఊట తోడేస్తారు. పని ఆగితే మోటారూ ఆగుతుంది, రెండు వానాకాలాలు తిరిగేసరికి గుంట చెరువైపోతుంది. అంతమాత్రాన ఆ చెరువు లీజుదారుది కాదు. ఆంధ్రప్రదేశ్ మైనర్ మినరల్ కన్సెషన్ రూల్స్, 1966 కింద అతనికిచ్చిన లీజు రాయి తీసుకోవడానికి. నీళ్లలోకి మనుషుల్ని దింపి అద్దె వసూలు చేసుకోవడానికి కాదు. గడువు తీరిపోతే ఆ హక్కు కూడా లేదు. భూమి ప్రభుత్వానిదైతే రెవెన్యూవాళ్లది, పట్టా భూమైతే రైతుది. సర్వే నంబరు అడిగి తీసుకుని మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్ (ఊరి భూముల రికార్డు) చూడండి, పట్టాదారు పేరున్న గడిలో ఏముందో చదవండి. అక్కడ ఇంకెవరి పేరైనా ఉంటే, లేదా గుట్ట పోరంబోకు అని ఉంటే, మీవాళ్లు ఇచ్చే 20 వేలు ఏ హక్కూ లేని మనిషి చేతిలో పోసినట్టే. అసలు యజమాని ఫిర్యాదు చేస్తే అక్రమ ప్రవేశం కేసు వీళ్ల మీదికి వస్తుంది.

ఇందులోనే లీజుదారుకి తెలియని తిరకాసు ఇంకొకటి ఉంది. మందుగుండు పెట్టి పగలగొట్టిన లోతైన క్వారీ గనుల భద్రత చట్టం కిందకి వస్తుంది (2025 నవంబరు దాకా అది గనుల చట్టం, 1952; ఇప్పుడు దాని చోట వృత్తి భద్రత కోడ్, 2020). మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్, 1961 ప్రకారం పని ఆపేసిన గొయ్యి చుట్టూ కంచె కట్టించాలి. కంచె కట్టి మనుషుల్ని దూరంగా ఉంచాల్సినవాడే డబ్బు తీసుకుని లోపలికి పంపితే, ఆ కాగితం అతని నేరాన్ని తనే ఒప్పుకున్నట్టుంటుంది. నేను అతని వకీలునైతే అది రాయనివ్వను.

పక్క గుంటలో ఇంకా పని జరుగుతోందేమో కూడా కనుక్కోండి. ఆ వైపు క్వారీలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. గట్టు మీద నిలబడినవాడికి బ్లాస్టింగ్ అంటే ఒక చప్పుడు, కాసేపు దుమ్ము. రాతిగోడకి ఆనుకుని నీళ్లలో ఉన్నవాడికి అలా కాదు. పండగ రోజు పని ఉండదులే అని ఊహించుకోవద్దు, ఆ రోజు బ్లాస్టింగ్ లేదని రాసి ఇమ్మనండి. అలాంటి కాగితం మీద అతను సంతకం పెడితే మీకు ఉపయోగం.

ఇక మీ తమ్ముడి సంగతి. బాధగా ఉన్నా చెప్పాలి, అందరికంటే ఎక్కువ ఇరుక్కునేది అతనే. ఆరుగురి దగ్గర ఆరేసి వేలంటే 36 వేలు. క్వారీకి 20 పోగా మిగిలిన 16 వేలూ సిలిండర్లకి, వ్యాన్‌కి సరిపోతే ఖర్చులు పంచుకున్నామని చెప్పుకోవచ్చు. లెక్క రాసిపెట్టుకోమనండి. నేర్పినందుకని కొంత ఉంచుకున్నాడా, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అది 'సేవ' అయిపోతుంది. అప్పుడు స్నేహితులు కాస్తా వినియోగదారులు. రెండేళ్లలోపు, తాము ఉంటున్న హైదరాబాద్‌లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. ఫోన్‌పేలో 'స్కూబా క్యాంప్ ఫీజు' అని ఎవరైనా రాసి ఉంటే అదే సాక్ష్యం, వాట్సాప్ గ్రూపులో మాటలు కూడా అంతే.

ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ 18 మీటర్ల లోపు, తోడు మనిషితో తను దిగడానికే. ఇంకొకరికి నేర్పడానికి కాదు. ఆ కొత్తవాళ్లిద్దరిలో ఎవరికి ఏం జరిగినా జడ్జిగారు అడిగే మొదటి ప్రశ్న ఇదే, దీనికి జవాబు లేదు. వినోదం కోసం చేసే డైవింగ్‌కి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు నిజమే. కానీ 2018లో కేంద్ర పర్యాటక శాఖ సాహస పర్యాటక మార్గదర్శకాలు తెచ్చింది, అందులో స్కూబా కూడా ఉంది. అవి చట్టం కాకపోయినా, జాగ్రత్త తీసుకున్నారా లేదా అని కోర్టు కొలవడానికి పనికొచ్చే బద్ద అదే.

అనుభవం ఉందన్న వాదన కూడా నిలవదు. అండమాన్‌లో నీళ్లు వెచ్చగా, తేటగా ఉంటాయి. క్వారీ అడుగున చీకటి, కాలు తగిలితే లేచే రాతిపిండి. జర్మనీ చలి మళ్లీ వేరు. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు కాబట్టి అక్కడి లోతు క్వారీల అడుగున నీళ్లు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ఊపిరందించే రెగ్యులేటర్‌లో మంచు కట్టి గాలి ఆగకుండా బయటికి తన్నుకొస్తుంది. అందుకే అక్కడివాళ్లు దానికి తగ్గ రెగ్యులేటర్, నీళ్లు ఒంటికి తగలని డ్రై సూట్ వాడతారు, వాటికి విడిగా శిక్షణ తీసుకుంటారు. మన మెట్టలో జనవరి ఎంత చల్లగా ఉన్నా ఆ పాఠం ఇక్కడ దొరకదు. నాకు ఈత తణుకు కాలవ దాకానే, అయినా ఈ మాత్రం తేడా నాకే తెలుస్తోంది.

సిలిండర్లు ఎక్కడ నింపిస్తున్నాడో అడగండి. గ్యాస్ సిలిండర్స్ రూల్స్, 2016 ప్రకారం వాటికి గడువు ప్రకారం పరీక్ష జరగాలి. ఆ తేదీ సిలిండర్ మెడ దగ్గర లోహంలోనే గుద్ది ఉంటుంది, వేలు పెట్టి తడిమినా తెలుస్తుంది. పెయింటింగ్ షెడ్డు కంప్రెసర్ గాలి పీల్చడానికి పనికిరాదు, నూనె ఆవిరి కలుస్తుంది. ఎవరైనా మునిగితే పైకి తెచ్చేదెవరన్నది కూడా ముందే తేలాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటును గోదావరి అడుగు నుంచి బయటికి లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది. లోతు నీళ్లలో వెతుకులాట ఎలా ఉంటుందో మన జిల్లాలవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్స్‌లో ఒక్కో పాలసీ ఒక్కో రకం. ఆరోగ్య బీమాలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన ప్రామాణిక మినహాయింపుల్లో స్కూబా పేరు ఉంది, కానీ 'ప్రొఫెషనల్‌గా పాల్గొంటే' అని ఉంది. సరదాకి దిగినవాడికి అది వర్తించదని వాదించొచ్చు. డబ్బు తీసుకుని నేర్పినవాణ్ణి మాత్రం కంపెనీ ఆ మాటలోకే నెడుతుంది. ప్రమాద బీమా, టర్మ్ పాలసీకి తగిలించిన యాక్సిడెంట్ రైడర్ చాలావాటిలో సాహస క్రీడలన్నీ బయటే, పాలసీ తీసి చదవండి. అసలు టర్మ్ పాలసీకి వస్తే, దరఖాస్తులో డైవింగ్ అలవాటు గురించి అడిగినచోట ఏం రాశాడో చూడండి. మూడేళ్లు నిండిన పాలసీని బీమా చట్టం 45వ సెక్షన్ వల్ల కంపెనీ ఇక ప్రశ్నించలేదు, అంతకు లోపలైతే ఆ జవాబు కీలకం.

రాయడానికి చెయ్యి రాకపోయినా ఇది కూడా తెలుసుకోవాలి. ప్రాణనష్టం జరిగితే పరిహారం దావా 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద రెండేళ్లలో వేయాలి. ఆ పరిహారం దక్కేది భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లలకే. అక్కచెల్లెళ్లు అందులో లేరు.

అతన్ని ఆపమని నేను చెప్పను, పెద్దవాడు, మీరు చెప్పినా వినడు. కొత్తవాళ్లిద్దరికీ డబ్బు తిరిగి పంపెయ్యమనండి. సర్వే నంబరు, రికార్డులో ఉన్న యజమాని సంతకం, బ్లాస్టింగ్ లేదన్న కాగితం చేతికొచ్చేదాకా అద్దె ఇవ్వొద్దనండి. చివరిగా ఆ ఫ్లైట్ గురించి. ఒకటికి రెండుసార్లు డైవింగ్ చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదని డైవింగ్ నేర్పేవాళ్లే చెబుతారు, ఒంట్లో చేరిన నైట్రోజన్ పైన గాలి పలచబడగానే బుడగలు కడుతుంది. స్నేహితుల టికెట్లు కూడా అదే ఫ్లైట్‌కి తీసి ఉంటే, ఆ సంగతి తెలిసీ చెప్పలేదన్న మాట కూడా నిర్లక్ష్యం కిందే రాస్తారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా. ముక్కనుమ సాయంత్రానికి టికెట్లు మార్చుకోమనండి.