ఇంట్లో కష్టం ఉన్నప్పుడు బొంత కుట్టుకుంటూ కూర్చోవచ్చా?

ప్రశ్న: పెళ్లై ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చి ఎనిమిది నెలలైంది అక్కా. మారతహళ్లిలో ఉంటున్నాం. పోయిన నెల మా ఆయన ఉద్యోగం పోయింది. నాకు కన్నడం రాదు, ఇంకా పని దొరకలేదు. పెళ్లికి ముందు బొమ్మలు వేసేదాన్ని, కుట్టుపని కూడా వచ్చు. ఇప్పుడు రంగుల డబ్బా తీయాలంటే తప్పు చేస్తున్నట్టుంది. ఏం చేయమంటారు?

జవాబు: తప్పు కాదు చెల్లీ. నువ్వు కుట్టకుండా కూర్చున్నంత మాత్రాన మీ ఆయనకు ఇంటర్వ్యూ కాల్ తొందరగా రాదు. కొత్తగా డబ్బు పెట్టాలంటే భయం వేస్తుంది, అది న్యాయమే. అందుకే రంగుల కంటే ముందు బొంత మొదలుపెట్టు. దానికి కావలసినవి నీ పెట్టెలోనే ఉంటాయి.

2020 ఏప్రిల్‌లో మా నాన్న పోయారు. లాక్‌డౌన్. నంద్యాల వెళ్లడానికి పాసు దొరికేసరికి అన్నీ అయిపోయాయి. ఫోన్‌లో చూశాను. జూన్‌లో వెళ్లినప్పుడు ఆయన పంచెలు నాలుగు, చొక్కాలు రెండు తెచ్చుకున్నాను. చాలా రోజులు వాటిని బీరువాలోంచి తీయలేకపోయాను. ఒక మధ్యాహ్నం తీసి, మడత విప్పి, కత్తెర పట్టుకుని ఏడ్చాను. తర్వాత కత్తిరించాను.

మొదటిసారి పొరలు జారిపోయి బొంతంతా ముడతలు పడింది. విప్పేశాను. అప్పుడు ఎదురింటి అజ్జి చూసి, "ఇదు కౌది అల్వా!" అంటూ లోపలికి వచ్చి కూర్చుంది. వాళ్లది హుబ్బళ్లి వైపు. మన బొంతనే వాళ్లు కౌది అంటారు. నాకు అప్పటికి కన్నడం అంతంతమాత్రం. కానీ సూది, దారం, బట్ట, ముడి అన్న మాటలతో మొదలై మూడు నెలల్లో ఆమెతో మా నాన్న గురించి చెప్పుకునేంత వచ్చింది. కన్నడం రాదని దిగులుపడుతున్నావు కదా, తలుపు తీసి పెట్టి కుట్టు.

ఆమె చెప్పిన పద్ధతి రాస్తాను. మెత్తబడిన నూలు చీరలే తీసుకో. పట్టు, పాలిస్టర్ జారతాయి. రంగు దిగే చీర ఉంటే విడిగా రెండుసార్లు ఉతికాకే వాడు. జరీ అంచు గట్టిగా ఉంటే తీసెయ్. మూడు నాలుగు పొరలు చాలు. నేల మీద పరిచి, చేత్తో సాపు చేసి, నడిమి నుంచి అంచులకు పెద్ద పెద్ద కచ్చా కుట్లు వెయ్యి. అలా వేస్తే ముడత బయటికి పోతుంది. ఆ ఒక్కసారికే చోటు కావాలి. తర్వాత మడుచుకుని ఒళ్లో పెట్టుకుని కుట్టుకోవచ్చు, సింగిల్ బెడ్రూమ్ ఇల్లయినా సరిపోతుంది. మొదటిది మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉంటే చాలు. మంచానికి సరిపడా పెద్దది పెట్టుకుంటే సగంలో విసుగొస్తుంది.

ఉత్తర కన్నడ జిల్లాలో ఎల్లాపుర, హళియాళ వైపు సిద్ది ఆడవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, పాత బట్ట ముక్కలు ఒక్కొక్కటీ చేర్చుకుంటూ, చుట్టూ తిరిగి నడిమికి వస్తారు. మూలల్లో చిన్న ముక్కల్ని మూడు కోణాలుగా మడిచి పువ్వుల్లా పెడతారు. ముందే గీసుకున్న ప్లాన్ ఉండదు. ఏ ముక్క దొరికితే దాని పక్కన ఏది బాగుంటుందో అప్పటికప్పుడు చూసుకోవడమే. ఇల్లు గందరగోళంగా ఉన్న రోజుల్లో నాకు ఈ పద్ధతే నచ్చింది. రేపటి గురించి ఆలోచించక్కర్లేదు, ఈ ముక్క కుడితే చాలు.

రంగుల విషయం. మూసిన ఫ్లాట్‌లో ఆయిల్ పెయింట్, టర్పెంటైన్ వాసనతో తలనొప్పి వద్దు. చిన్న వాటర్ కలర్ డబ్బా చాలు. డబ్బు పెట్టేది ఉంటే కాగితం మీద పెట్టు. 300 జీఎస్ఎం (అంటే మందపాటి) కాగితం నీళ్లకు అంతగా వంగదు. ఒక్కో షీటు నాలుగు ముక్కలు చేసుకో. రోజుకు ఒక ముక్క, అదీ ఎవరికీ చూపించకు. స్టేటస్‌లో పెట్టిన మరుక్షణం నుంచి ఎవరు చూశారా అన్న టెన్షన్ మొదలవుతుంది. అమ్మమని చెప్పేవాళ్లు కూడా వస్తారు. అమ్మడం తప్పు కాదు కానీ, ఈ నెలల్లో మాత్రం వద్దు. జనవరిలో కుమార కృప రోడ్డు మీద చిత్రకళా పరిషత్తు వాళ్ల చిత్రసంతె జరుగుతుంది. రోడ్డు పొడవునా బొమ్మలే. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లు. చూడ్డానికి వెళ్లు, చాలు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. బతకాలనిపించకపోయినా, రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా బొంతతో సరిపెట్టుకోకు. 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, డబ్బు కట్టక్కర్లేదు. మీ ఆయనకు అవసరమైనా అదే నంబరు. ఇదే ఊళ్లో నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య ఆసుపత్రి కూడా ఉంది.

నాన్న చొక్కాల్లో ఒకదానికి లోపల దొంగ జేబు ఉండేది. దాన్ని కత్తిరించకుండా బొంత మధ్యలో అలాగే పెట్టి కుట్టాను. మా వాడు ఇప్పుడు అందులో రంగు పెన్సిళ్లు దాచుకుంటాడు.