పది బై పన్నెండు గదిలో పాట

చి. సాహితికి, మామయ్య దీవెనలు.

నిజాంపేట ఫ్లాట్‌లో ఒక గదిని పాటల కోసమే ఉంచుకుంటున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం వేసిందమ్మా. ఏది కొనాలని అడుగుతూ నువ్వు పంపిన మెసేజ్‌లో మూడు ఆంప్లిఫయర్ల (స్పీకర్లకు బలమిచ్చే యంత్రాల) పేర్లున్నాయి, వాటి వాట్లున్నాయి, గది కొలతలు మాత్రం లేవు. అక్కనడిగి తెలుసుకున్నాను: పది బై పన్నెండు, కింద విట్రిఫైడ్ టైల్స్, ఒక పక్క బాల్కనీకి అద్దం తలుపు. మొదలుపెట్టాల్సింది అక్కడే. ముందు గదిని చూసి స్పీకర్లు, ఆ తర్వాత స్పీకర్లను చూసి ఆంప్లిఫయర్. ఈ వరస తిరగబడితే ఎంత ఖర్చు పెట్టినా పాట కుదురుగా వినబడదు.

గది కొన్ని స్వరాలను తనంతట తానే పెంచేస్తుంది. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన పన్నెండడుగుల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు) దగ్గర ఒక తరంగం కదలకుండా నిలబడిపోతుంది. పదడుగుల వైపు అది 56 హెర్ట్జ్. మన అపార్ట్‌మెంట్లలో స్లాబు ఎత్తు కూడా పదడుగులకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి 56 హెర్ట్జ్ దెబ్బ రెండుసార్లు పడుతుంది. ఆ స్వరం తగిలినప్పుడల్లా గదంతా గుంయ్‌మని, దాని వెనక గమకం, సాహిత్యం మునిగిపోతాయి. ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు బేస్‌ను, అంటే అలాంటి కింది స్వరాలను, మింగవు, తిప్పి కొడతాయి. అందుకే ఆ గదిలోకి ఎనిమిదంగుళాల వూఫర్లు (బేస్ మోగించే పెద్ద కోన్లు) ఉన్న నిలువు టవర్ స్పీకర్లు తేవద్దు. బేస్ ఒక్కటే మోగించే సబ్‌వూఫర్ ఆలోచన అసలే వద్దు. నీ కింది ఫ్లాట్‌వాళ్ల నిద్ర సంగతి కూడా చూడాలి కదా.

అంత బేస్ నీకు అవసరమా అన్నది చూద్దాం. నువ్వు వినేది బాలమురళీకృష్ణ గాత్రం, ద్వారం వారి వయొలిన్, చిట్టిబాబు వీణ, ఘంటసాల పాటలు. గాయకుడు ఒకటో శ్రుతిలో పాడుతున్నాడనుకో, ఆయన మధ్యస్థాయి షడ్జం 131 హెర్ట్జ్. వెనక తంబురాలో మంద్ర షడ్జం తీగ 65 హెర్ట్జ్. అంటే 60 హెర్ట్జ్ దాకా శుభ్రంగా దిగే స్పీకర్ ఉంటే నీ సంగీతంలో పోయేది దాదాపు ఏమీ లేదు. ఐదు, ఐదున్నర అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్, అంటే స్టాండు మీద పెట్టే చిన్న పెట్టె, ఆ పని హాయిగా చేస్తుంది. బీబీసీ వాళ్లు 1970లలో, బయటి ప్రసారాల వ్యానుల్లాంటి ఇరుకు చోట్ల కూర్చుని మనిషి గొంతును సరిగ్గా అంచనా కట్టడానికి, ఎల్ఎస్3/5ఎ అని అడుగెత్తు పెట్టె ఒకటి రూపొందించుకున్నారు. ఐదంగుళాల వూఫర్, పై స్వరాలకు ఒక ట్వీటర్, అన్ని వైపులా మూసిన పెట్టె, అంతే. గాత్రం వినేవాళ్లు ఈనాటికీ దాన్ని వెతుక్కుంటున్నారు. నువ్వు అదే కొనాలని కాదు, చిన్న గదిలో చిన్న పెట్టెను తక్కువగా చూడొద్దని చెబుతున్నాను.

పెట్టె వెనక గాలి రంధ్రం ఉందో, ముందుందో తప్పకుండా చూడు. వెనకున్నదాన్ని గోడకు ఆనిస్తే బేస్ ఉబ్బిపోతుంది. నీకున్న చోటికి రంధ్రం ముందు వైపు ఉన్నది గానీ, అసలు లేనిది గానీ మేలు. నచ్చిన జతకు వెనకే ఉంటే, దాంతో పాటు స్పాంజి బిరడాలు ఇస్తారేమో అడుగు.

ఇక ఆంప్లిఫయర్. స్పీకర్ కాగితంలో సెన్సిటివిటీ అని రాసి ఉంటుంది: ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో ఆ అంకె. చిన్న పెట్టెల్లో అది సాధారణంగా 84 నుంచి 88 దాకా ఉంటుంది. మూడు డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 86 ఉన్న జతకు ఒక్కో వాట్ ఇచ్చి నువ్వు రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే, చెవికి ఎనభై పైమాటే చేరుతుంది. ఇంట్లో మామూలు మాటల సవ్వడి అరవై. అంటే రోజూ వినేటప్పుడు నువ్వు వాడేది ఒక వాట్ లోపే. తని ఆవర్తనంలో మృదంగం దెబ్బ ఒక్కసారిగా లేచినప్పుడు మాత్రం అంతకు పదీ ఇరవై రెట్లు కావాలి. ఎనిమిది ఓమ్‌ల (స్పీకర్ కరెంటుకు చూపే నిరోధం కొలత) దగ్గర 40, 50 వాట్లు నిజంగా ఇచ్చే స్టీరియో ఆంప్లిఫయర్ నీ గదికి చాలు. నీ జాబితాలోని నూరు వాట్లది 50 వాట్లదాని కంటే మూడే డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది. ఆ తేడాకు అంత డబ్బు పోయొద్దు. పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే గరిష్ఠ శక్తి) అని వేలల్లో అంకె కనిపిస్తే ఆ పెట్టె ముట్టుకోకు; ఆర్‌ఎంఎస్ వాట్లు (ఎడతెగకుండా ఇచ్చేవి), ఏ ఓమ్‌ల దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో (శబ్దం ఎంత చెడుతూ) అన్నవి మూడూ రాసిన కంపెనీనే నమ్ము. స్పీకర్ నాలుగు ఓమ్‌లదైతే ఆంప్లిఫయర్ దాన్ని మోయగలదని మాన్యువల్‌లో ఉండాలి. అమ్మ దగ్గరున్న పాత ఎల్పీలు తెచ్చుకుంటావు కాబట్టి ఫోనో ఇన్‌పుట్ (రికార్డు ప్లేయర్ కలిపే చోటు) ఉన్నది చూడు. టీవీ కలపాలంటే ఆప్టికల్ ఇన్‌పుట్ కూడా.

నేనైతే డబ్బులో సగానికి పైగా స్పీకర్లకు పెట్టి, మూడో వంతు ఆంప్లిఫయర్‌కు ఇచ్చి, మిగిలింది స్టాండ్లకు, తివాచీకి ఉంచుతాను. యమహా, డెనాన్, క్యాంబ్రిడ్జ్, ఎన్ఏడీ కంపెనీల చిన్న ఆంప్లిఫయర్లలో ఏదైనా సరే. స్పీకర్లలో వార్ఫ్‌డేల్, ఎలాక్ విను. 1970లో కలకత్తాలో మొదలైన సోనోడైన్‌నూ విని చూడు. పాతవి దొరికితే కాదనను గానీ, వూఫర్ అంచు చుట్టూ ఉన్న ఫోమ్‌ను వేలితో మెల్లిగా నొక్కి చూడు. పొడిపొడిగా రాలితే వదిలేయ్. రబ్బరు అంచైతే చాలా ఏళ్లు నిలుస్తుంది.

షోరూమ్‌కు నీ పాటలు నువ్వే తీసుకెళ్లు. వాళ్ల గదికి తివాచీలు, మెత్తటి గోడలు ఉంటాయి, వాళ్లు వినిపించే పాటలు కూడా ఏరి పెట్టుకున్నవే. ఘంటసాల పాత పాట ఒకటి పెట్టించు. అవి చాలావరకు మోనోలో రికార్డయినవి, కాబట్టి గొంతు సరిగ్గా రెండు పెట్టెల నడిమధ్య, మనిషి అక్కడ నిలబడి పాడుతున్నట్టు రావాలి. పక్కలకు చెదిరిందంటే ఒక వైర్ ఎర్రటి, నల్లటి కొసలు తారుమారయ్యాయో, పెట్టెలు రెండూ సమంగా లేవో చూడాలి. ఇల్లు చేరాక కూడా మొదట చేయాల్సిన పరీక్ష ఇదే. తర్వాత వీణ రికార్డు ఒకటి పెట్టు; తీగ మీటిన తర్వాత నాదం ఎంతసేపు నిలుస్తోందో గమనించు. కొనేముందు ఒక్క రోజు ఇంట్లో విననివ్వమని అడుగు. బేరం కంటే ఇది ముఖ్యం, అడగడానికి మొహమాటపడకు.

అమరిక మీద కొంచెం ఓపిక పట్టాలి. పదడుగుల గోడ దగ్గర, గోడకు అడుగున్నర ముందుకు జరిపి పెట్టెలు పెట్టు. రెంటికీ మధ్య ఆరడుగులు, పక్క గోడలకు రెండేసి అడుగులు. నువ్వు ఆ గోడకు ఏడడుగుల దూరంలో కూర్చో. తల వెనక గోడకు ఆనిందంటే బేస్ మీద పడుతుంది, గది నట్టనడుమ కూర్చుంటే ఆ 47 హెర్ట్జ్ మాయమవుతుంది. ట్వీటర్ నీ చెవి ఎత్తులో ఉండాలి. కింద పరుపు మీద కూర్చుని వినే అలవాటు నీది కాబట్టి పద్దెనిమిది అంగుళాల స్టాండు సరిపోతుంది. దగ్గర్లో వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టంతో చేయించి, గొట్టంలో ఎండు ఇసుక నింపి, పైన గ్రానైట్ షాపులో మిగిలిన ముక్క వేయించుకో. అల్మారాలోనో అటక మీదో మాత్రం పెట్టకమ్మా.

గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టు. చివర టింగుమని సాగితే టైల్స్, అద్దం తిప్పి కొడుతున్నట్టు. నీకూ పెట్టెలకూ మధ్య మందపాటి తివాచీ పరిచి, అద్దం తలుపుకు బరువైన పరదా వేసి, వెనక గోడకు పుస్తకాల బీరువా చేరిస్తే చాలావరకు తగ్గిపోతుంది. ఈ మూడూ చేశాక కూడా గొంతు గరగరమంటేనే స్పీకర్లను అను.

వైరుకు పెద్దగా ఖర్చు అక్కర్లేదు. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి 1.5 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి వైర్ తీసుకో. మూడు నాలుగు మీటర్ల దూరానికి అంతకు మించింది అవసరం లేదు.

కరెంటు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. ఎర్త్ సరిగ్గా లేకపోతే ఆంప్లిఫయర్ హమ్ (గుయ్‌మనే సన్నటి రొద) పెట్టొచ్చు. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే (లైన్ కరెంటులాంటి నునుపైన తరంగం ఇచ్చేదే) అయుండాలి. మే నెలలో మన ఊళ్లో ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకెయ్. ఆంప్లిఫయర్ మీద జానెడు ఖాళీ వదులు, పైన గుడ్డ కప్పి మోగించకు.

స్పీకర్లు ఖాయం చేసుకోగానే వెనక పలక ఫొటో తీసి పంపు. ఓమ్‌లు, సెన్సిటివిటీ చూసి, నీ జాబితాలో ఏ ఆంప్లిఫయర్ సరిపోతుందో చెబుతాను. అప్పటిదాకా దేనికీ అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామయ్య