సంగీతానికి ఇచ్చే డబ్బు దేనికివ్వాలి?

ప్రశ్న: సంగీతం కోసం కొంత డబ్బు విరాళంగా ఇద్దామని మా పెదనాన్నగారి కోరిక. మంచి ఆడిటోరియం కట్టించమని చుట్టాలందరూ అంటున్నారు. మీరేమంటారు? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ పెదనాన్నగారికి నా నమస్కారాలు చెప్పండమ్మా. ఆడిటోరియం విషయంలో మాత్రం కాస్త ఆగమనే అంటాను, ఎందుకంటే అందులో పాడేవాళ్లు తయారవ్వాలంటే ముందు నేర్పే గురువుకి జీతం, నేర్చుకునే పిల్లలకి రెండు పూటలా తిండి ఉండాలి కదా.

విజయనగరం సంగీత కళాశాలనే తీసుకోండి. 1919లో విజయరామ గజపతిరాజు గారు పెట్టారు. నా దృష్టిలో అక్కడ జరిగిన గొప్ప పని మనుషుల్ని ఎంచుకోవడం. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఇక ద్వారం వెంకటస్వామినాయుడు గారికి అప్పటికి 26 ఏళ్లే, అయినా ఆయన్ని వయొలిన్ ప్రొఫెసర్‌గా వేసుకున్నారు, 1936లో ఆయనే ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఘంటసాల, సుశీల గార్లు చదువుకున్నది ఇక్కడే.

కానీ అంత మంచి కాలేజీ ఉన్న ఊళ్లోనే ఘంటసాల గారు జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకోవాల్సొచ్చింది. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఫీజు తీసుకోకుండా పాఠం చెప్పబట్టి గానీ, లేకపోతే ఆ గొంతు మనకి దక్కేదా అని తలుచుకుంటే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది. కాలేజీ ఉంది, గురువులున్నారు, లేనిదల్లా పిల్లాడి అన్నానికి ఓ ఏర్పాటు.

అమెరికాలో మేరీ లూయిస్ కర్టిస్ బాక్ అనే ఆవిడ 1924లో ఫిలడెల్ఫియాలో కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత పాఠశాల పెట్టి, తర్వాత కోటీ పాతిక లక్షల డాలర్ల మూలనిధి ఇచ్చారు. అసలు సొమ్ము కదపకుండా దానిమీద వచ్చే రాబడితో స్కూలు నడవాలన్నమాట. 1928 నుంచి ఇప్పటిదాకా అక్కడ ట్యూషన్ ఫీజు లేదు, బాగా వాయిస్తే సీటు, అంతే.

మీ దగ్గర అంత డబ్బు అక్కర్లేదు. ఉన్నదాన్ని డిపాజిట్ చేసి ఆ వడ్డీతో ఒక మాస్టారి జీతమో, ఇద్దరు పిల్లల హాస్టల్ ఖర్చో పెట్టుకోండి చాలు, కాకపోతే ఏడాది ఇచ్చి ఆపేయొద్దు, వర్ణాలనే సాధన పాఠాలు దాటి కృతుల్లో, అంటే పెద్ద కీర్తనల్లో పడేసరికే ఏళ్లు పడుతుంది, మధ్యలో డబ్బాగితే మొదట మానేసేది పేదింటి పిల్లలే. పిల్లల్ని ఎంపిక చేసే పని మాత్రం చుట్టాలకి కాదు, పాట తెలిసిన విద్వాంసులకి అప్పగించమనండి, ఆ మాట ట్రస్టు కాగితాల్లోనే రాయించెయ్యండి.